సుచిత్ర మందు

పదకొండో వారం

అత్వెల్లి యాదగిరి పటేల్‌కు కార్జం వాచింది. ఇప్పటివరకు మనకు ఖాయంగా తెలిసింది ఆ ఒక్కటే, మిగతాదంతా అనుమానమే. ఆ చైనా డాక్టరమ్మను ఇంకెన్నాళ్ళు భరించమంటారు, జైల్లో వేయించరాదా అని నిజామాబాద్ నుంచి ఒకాయన ఉత్తరం రాశారు. ఆయన్ని కాస్త ఓపిక పట్టమని కోరుతూ, ఈ మధ్యే చదవడం మొదలుపెట్టిన వాళ్ళ కోసం నాలుగు ముక్కలు చెప్పి ముందుకు పోతాను.

యాదగిరి యాభై నాలుగేళ్ళ మనిషి, రెండుసార్లు సర్పంచ్ చేసినవాడు. కల్లు కూడా ముట్టడు. పెళ్ళిళ్ళలో, ఎలక్షన్లలో అందరికీ పోయించి తాను సోడా తాగి కూర్చునే మనిషి కాబట్టి ఊళ్ళో ఆయనంటే గౌరవంతో పాటు కొంత చిరాకు కూడా ఉంది. మొన్న ఆషాఢంలో కుడి డొక్క బరువెక్కిందని మేడ్చల్‌లో స్కానింగ్ తీయించుకున్నాడు. అక్కడి డాక్టరు కాగితం చూసి "బాగా కొవ్వు పట్టింది" అన్నాడు. లివర్‌కు, అంటే కార్జానికి అన్న మాట కాస్త ఆలస్యంగా అన్నాడు. ఆ లోపలే పటేల్ కుర్చీలోంచి లేచి, ఎవనికిరా కొవ్వు అని అడిగేశాడు. ఆ డాక్టరు రెండో ప్రశ్న ఇంకా ఘనమైనది. ఎన్నేళ్ళ నుంచి తాగుతున్నారని. దాంతో పటేల్ చెప్పులేసుకుని బయటికొచ్చి మళ్ళీ ఆ మెట్లు ఎక్కలేదు.

ఆ తర్వాత ఆయన ఎవరికీ చెప్పకుండా సుచిత్ర చౌరస్తా పక్కన స్రవంతి దగ్గరికి పోవడం మొదలుపెట్టాడు. దుండిగల్ పిల్ల. అయిదేళ్ళు చైనాలో ఉండి వాళ్ళ మూలికల వైద్యం, సూదుల వైద్యం చదివి వచ్చింది. ఆమె కషాయంతో మొదటి నెల తగ్గిన జబ్బు, ఇప్పుడు ఒక్కసారిగా నెత్తికెక్కి కూచుంది. పటేల్ కళ్ళు పచ్చబడ్డాయి. నాలుగు రోజుల కింద రక్తం రిపోర్టు అల్లుడు అన్వేష్ చేతికి చిక్కింది. ఇవాళ ఉదయం పదకొండు గంటలకు అన్వేష్ కారు సుచిత్ర చౌరస్తా దాటి ఆమె క్లినిక్ ముందు ఆగింది. అందులోంచి ముగ్గురు దిగారు. కోపంతో అన్వేష్, నీరసంతో యాదగిరి, కొంగు సర్దుకుంటూ ఆయన భార్య రాధమ్మ.

క్లినిక్ మేడ మీద, కింద టైల్స్ దుకాణం. మెట్ల పక్క బోర్డు మీద "చైనా మూలికా వైద్యము, సూది చికిత్స, స్రవంతి" అని మాత్రమే ఉంది. అన్వేష్ దాన్ని వేలితో చూపించి, పేరు ముందు డాక్టర్ అని లేదు చూడుండ్రి, ఇక్కడ్నే దొంగతనం దొరికింది అన్నాడు. ఆ చైనా చదువుకు మన దగ్గర గుర్తింపు లేదని ఆ పిల్ల ఆ మాట పెట్టుకోలేదు. పేరు ముందు డాక్టరని రాసుకున్నవాణ్ణి మనం ఏ చదువని అడగం. రాసుకోని వాళ్ళను మాత్రం అనుమానిస్తాం.

రాధమ్మ ఈ మెట్లు ఎక్కడం ఇదే మొదలు. సుచిత్రలో ఎవరో చైనా ఆడమనిషి మందిచ్చి మామయ్య కార్జం ఖరాబు చేసిందని అల్లుడు నాలుగు రోజులుగా చెప్తుంటే సగం నమ్మింది, సగం నమ్మలేదు. నమ్మని సగానికి ఆమె కారణాలు ఆమెకున్నాయి. పైన గడప దాటగానే ఒక వాసన ఆమె ముఖానికి తగిలింది. ఎండిన నారింజ తొక్క, తడి మట్టి, ఏదో వేరు కాగిన పులుపు. ఆమె అక్కడే నిలబడిపోయింది. శ్రావణం, భాద్రపదం రెండు నెలలూ భర్త నోట్లోంచి వచ్చిన వాసన అదే.

ఇక్కడ మనం బతుకమ్మ ముందటి రోజులకు ఒకసారి పోయి రావాలి. బోరు మోటరు గదిలో ఫ్యూజు వైరు వెతుకుతుంటే రాధమ్మకు ఒక గాజుసీసా దొరికింది. నిండా గోధుమరంగు నీళ్ళు, మూత తీస్తే ముక్కు పగిలే వాసన. అప్పుడే లోపలికొచ్చిన యాదగిరి దొంగలా నిలబడ్డాడు. ఇదేందని ఆమె అడిగింది.

"మందు," అన్నాడు.

"ఏం మందు?"

"చైనా మందు. సుచిత్రల దొర్కుతది. రోజుకొక గిలాస తాగుతున్న. ఎవలకు చెప్పకు, నగుతరు."

మన భాషలో సారాకూ అదే పేరు, జబ్బు నయం చేసే దానికీ అదే పేరు. ఎవరో ఒకరు ఎప్పుడో ఒకప్పుడు ఆ రెంటినీ విడదీసి ఉంటే రాధమ్మ కాపురం ఇంత దూరం వచ్చేది కాదు. పటేల్ నిజమే చెప్పాడు. ఒక ఆడపిల్ల ముందు చొక్కా విప్పి సూదులు గుచ్చించుకుంటున్నానని చెప్పడానికి సిగ్గుపడి, తక్కిన నిజం మాత్రం మింగేశాడు. రాధమ్మ విన్నదేమిటంటే, ముప్పయ్యేళ్ళు మడి కట్టుకున్న మనిషి ఇప్పుడు సారా వాసన రాని ఏదో ఫారిన్ సరుకు మరిగాడని, నోటితోనే ఒప్పుకున్నాడని. మేడ్చల్ డాక్టరు ఎన్నేళ్ళ నుంచి తాగుతున్నాడని ఊరికే అడగలేదని ఆమెకు ఆ రోజే తేలిపోయింది.

ఆ తేలిపోయింది మొత్తం ఇప్పుడు ఈ గడప మీద కాళ్ళ కింద నుంచి జారుతున్నది. అయినా ఆమె పైకి ఏమీ కనబడనివ్వలేదు, పోయి భర్త పక్కన బల్ల మీద కూచుంది.

అన్వేష్ కూచోలేదు. ముప్పయి రెండేళ్ళ వాడు, దుండిగల్ వైపు ప్లాట్ల వెంచర్లు వేస్తాడు, పెద్ద గొంతు. రిపోర్టును బల్ల మీద కొట్టి మొదలుపెట్టాడు. తనకు పోలీసుల్లో ఎవరు తెలుసో చెప్పాడు, టీవీల్లో ఎవరు తెలుసో చెప్పాడు, సాయంత్రానికి ఈ గదికి తాళం పడుతుందని చెప్పాడు. గడ్డీ గాదం మరగబెట్టి మనుషులకు పోస్తావా అని అడిగాడు. గోడకున్న చిన్న చిన్న చెక్క సొరుగులు చూపించి ఇవన్నీ రోడ్డు మీద పోయిస్తానన్నాడు. స్రవంతి అంతా విన్నది. ఇరవై ఏడేళ్ళ పిల్ల, తెల్ల కోటు కూడా లేదు, మామూలు పంజాబీ డ్రెస్సు. చేతిలో పెన్ను మూత మాత్రం తీస్తూ పెడుతూ ఉంది. అది తప్పు చేసినందుకా, భయపడినందుకా అని రాధమ్మ ఆ చేతులనే చూస్తున్నది.

అన్వేష్ ఊపిరి తీసుకోవడానికి ఆగినప్పుడు ఆ పిల్ల లేచి ఫైలు తెచ్చింది. అందులోవి రెండు, అన్వేష్ తెచ్చింది ఒకటి, పటేల్‌వి మూడు రక్తం రిపోర్టులు తారీఖు వరసన పక్కపక్కన పరిచింది. కార్జం ఎంత మండుతున్నదో చెప్పే లెక్క ఒకటుంది, దాని కింద పెన్నుతో గీత గీసింది. మొదటి కాగితంలో తొంభై రెండు. సెప్టెంబరు కాగితంలో యాభై ఎనిమిది. ఇప్పటి దాంట్లో మూడు వందల పద్దెనిమిది.

ఆమె చెప్పింది ఇది. కార్జానికి కొవ్వు పట్టడం వేరు, దానికి మంట పుట్టడం వేరు. కొవ్వు ఊరికే పడి ఉంటే ఏళ్ళ తరబడి కార్జం ఓర్చుకుంటుంది. తాగనివాళ్ళకూ పడుతుంది. ఒళ్ళు కదలకపోతే, అన్నం ఎక్కువైతే, షుగరు ఉంటే పడుతుంది. ఏదైనా ఒకటి దాన్ని రేపితే మాత్రం లోపల వాపు మొదలవుతుంది, పెంటకుప్ప పైకి చల్లగా ఉండి లోపల కాగినట్టు. చైనా వైద్యంలో చేసేది ఆ వేడిని దించడానికే. మొదటి రోజు పటేల్ రెండు మణికట్టులూ మూడేసి వేళ్ళతో పట్టి చూస్తే నాడి బిగించిన తీగలాగా తగిలింది. వాళ్ళ లెక్కలో అట్లాంటి నాడి ఉన్నవాడు ఏదో మాట లోపల పెట్టుకుని కుములుతున్నట్టు. ఏం దాచిపెట్టుకున్నారని అడిగితే పటేల్ నవ్వేసి, సర్పంచ్ చేసినోని కడుపుల ఏముండదు బిడ్డా అన్నాడట.

కథలు వద్దు, నీ మందుతోనే పెరిగిందా లేదా చెప్పమన్నాడు అన్వేష్.

"నా మందు మీద నాకు గూడ అనుమానమే సార్," అన్నది స్రవంతి. "వేర్లతోని చేసింది కాబట్టి ఏం గాదని ఎవలన్న చెప్తే నమ్మకుండ్రి. ఇందుల ఒక వేరు కొందరికి పడది. అందుకే నెలనెలా రక్తం చూపియ్యమన్న. కని అక్టోబరు రిపోర్టు తేలేదు, సూదులకు గూడ రాలేదు. మనిషితోని పొట్లాలు తెప్పించుకుని వానితోనే కాపించుకున్నరు, అంతే."

అన్వేష్ గెలిచినట్టు రాధమ్మ వైపు చూశాడు. ఆ పిల్ల మళ్ళీ కాగితాల మీద వేలు పెట్టింది. ఆగస్టులో ఇచ్చిన పొట్లం, నవంబరులో ఇచ్చిన పొట్లం ఒకటే, అవే తొమ్మిది దినుసులు, అదే తూకం. మొదటి నెల దాంతోనే తగ్గింది. తగ్గించిన మందే ఇంత పెంచిందంటే పెంచవచ్చు, కాదనను, కాని అంతకంటే ముందు అడగాల్సింది ఇంకొకటుంది అన్నది. సెప్టెంబరు తర్వాత ఆయన ఒంట్లోకి కొత్తగా పోయింది ఏమిటి?

"పటేల్ ఇంకేం మందు తీస్కుంటుండు?" అని అడిగింది.

అన్వేష్ కుర్చీని కాలితో తన్నాడు. మా మామ మందు ముట్టడని మేడ్చల్ మండలమంతా తెలుసు, ఆయన్ని తాగుబోతంటావా అని మీది మీదికి పోయాడు. ఆ పిల్ల రెండు చేతులూ అడ్డం పెట్టి, నేనడిగింది గోలీలు, పసర్లు, పొడులు సార్, సారా కాదు అని మూడుసార్లు చెప్పాల్సి వచ్చింది. ఇంకో రోజైతే ఇది నవ్వుకునే సంగతే. యాదగిరి నవ్వలేదు. ఆయన నేలకేసి చూస్తూ, నేనేం తీసుకుంటలేను, నీ కషాయం ఒక్కటే అన్నాడు. ఆ మాట చాలా తొందరగా అన్నాడు.

స్రవంతి చూపు ఆయన మీద నుంచి రాధమ్మ మీదికి మళ్ళింది. రాధమ్మ చేయి చీర కొంగు ముడిని గట్టిగా పట్టుకుని ఉంది. ఆ పిల్లకు ఏమర్థమయిందో మరి, మందు ఎట్లా కాచాలో అమ్మకు చూపిస్తాను, మీరు ఇక్కడే ఉండండని చెప్పి ఆమెను లోపలి గదిలోకి తీసుకుపోయి తలుపు దగ్గరికి వేసింది.

లోపల గ్యాసు పొయ్యి మీద మట్టికుండలో అదే వాసన కాగుతున్నది. రాధమ్మ గరిటెతో కొంచెం తీసి అరచేతిలో పోసుకుంది, నాలుకతో చూసింది. చేదు, పులుపు, మట్టి. సారా కాదు. సారా వాసన తెలియని మనిషి కాదామె, ఆమె నాయిన తాగి తాగి ఎట్లా పోయాడో కళ్ళారా చూసింది. ఆమె చిన్న గొంతుతో అడిగింది.

"ఆయన తాగింది గిదేనా బిడ్డా?"

ఇదేనన్నది స్రవంతి. రాధమ్మ మూలనున్న స్టూలు మీద కూచుంది. కొంగు ముడి విప్పి చిన్న కాగితం పొట్లం తీసి ఆ పిల్ల చేతిలో పెట్టింది. ఇవాళ మధ్యాహ్నం భోజనం ఇక్కడికి దగ్గరే ఉన్న కూతురు, అన్వేష్ భార్య తృప్తి ఇంట్లో అనుకున్నారు కాబట్టి ఒక పూట పొడి వెంట తెచ్చుకుంది. పొట్లం మీద చిన్న అచ్చక్షరాలున్నాయి. తాగేవారికి తెలియకుండానే తాగుడు మాన్పించును, పెరుగు, మజ్జిగ, కూరలలో కలుపవచ్చును.

ఆమె చెప్పింది, స్రవంతి విన్నది. మొగుణ్ణి తాగుడుకు పోగొట్టుకున్న పక్కింటి జంగమ్మ సలహా ఇచ్చింది. మేడ్చల్ అంగడిలో మైకు పెట్టుకుని అమ్మేవాడి దగ్గర కొన్నది. దసరా తెల్లారి నుంచి రోజూ మధ్యాహ్నం అన్నం తర్వాత ఆయన తాగే గ్లాసెడు మజ్జిగలో తన చేత్తోనే కలిపింది. నలభై రోజులు దాటింది. ఆయన సీసా దాచడం మానలేదని చిటికెడు కాస్త రెండు చిటికెలు చేసింది.

స్రవంతి పొడిని వెలుతురుకు పట్టి చూసింది. తెల్లగా, గోలీలు నూరినట్టు ఉంది. నోట్లో పెట్టుకోలేదు. ఇందులో ఏముందో నేను ప్రమాణం చేసి చెప్పలేనమ్మా, పరీక్ష చేయాలి అన్నది. తాగుబోతులకు దవాఖానాల్లో ఇచ్చే గోలీలు కొన్నుంటాయి. అవి కొందరి కార్జాన్ని కొరుకుతాయి, అందుకే రక్తం చూసుకుంటూ ఇస్తారు. ఇట్లాంటి పొడుల్లో అవే నూరి కలుపుతారని విన్నాను. అప్పటికే కొవ్వు పట్టి అలసిన కార్జం మీద రోజూ ఇది పడితే ఆ మూడు వందల పద్దెనిమిదికి వేరే కారణం వెతకక్కర లేదు. ఈ పొడి ఇవాళే ఆపాలి, నా కషాయం కూడా ఇవాళే ఆపాలి. ఇక్కడి నుంచి సీదా పెద్ద దవాఖానకు తీసుకుపోయి, ఈ పొట్లం వాళ్ళ చేతిలో పెట్టి, ఎన్ని రోజులు ఎంత వేశారో దాచకుండా చెప్పాలి.

బతుకుతడా అని అడిగింది రాధమ్మ.

కార్జం మళ్ళీ పెరిగే అవయవమని, సమయానికి ఆపితే తేరుకుంటుందని ఆ పిల్ల చెప్పింది. సమయానికి అన్న మాటను రెండుసార్లు అన్నది.

రాధమ్మ కుండలో బుడగలు చూస్తూ కూచుంది. ఆమె మనసులో అప్పుడు పుట్టిన ఆలోచన దాచి ఆమెను దేవతను చేయడం నాకిష్టం లేదు. బయట అల్లుడు ఈ పిల్లనే దొంగ అనుకుంటున్నాడు. ఊరు కూడా అదే అనుకుంటుంది. పొట్లం సంగతి దవాఖానలో డాక్టరు చెవిన వేస్తే చాలు. ఈ పిల్ల గదికి తాళం పడుతుంది, దుండిగల్ పోయి ఇంకేదో చేసుకుని బతుకుతుంది. మొగుడికి మందు పెట్టిందన్న మాట మాత్రం రాధమ్మ మీద ఎప్పటికీ పడదు. స్రవంతి ఆమెను ఏమీ బతిమాలలేదు. పొయ్యి ఆర్పి, కుండలో ఉన్నదంతా తూములో పారబోసింది. ఆ పని చూస్తుంటే రాధమ్మకు తన మీద తనకే అసహ్యం వేసింది, లేచి తలుపు తీసుకుని బయటికొచ్చింది.

అన్వేష్ ఫోన్లో ఎవరికో మనుషుల్ని పంపమని చెప్తున్నాడు. ఫోను పెట్టెయ్యమన్నది రాధమ్మ. ఎప్పుడూ అల్లుడితో అట్లా మాట్లాడని మనిషి. అతను పెట్టేశాడు.

"గీ పిల్ల తప్పేం లేదు," అన్నది. "నేనే పెట్టిన."

"ఏం పెట్టినవ్ అత్తమ్మా?"

"మందు."

మళ్ళీ అదే మాట. కాని మందు తాగడం వేరు, మందు పెట్టడం వేరు. మన ఊళ్ళల్లో ఆడమనిషి మొగుడికి మందు పెట్టిందంటే ఎవరూ దవాఖాన అనుకోరు, సారా అనుకోరు. చెట్టుమందో, విషమో అనుకుంటారు. అన్వేష్ రెండడుగులు వెనక్కి వేశాడు. రాధమ్మ పోయి భర్త ఎదురుగా నేల మీద కూచుంది. సీసా, జంగమ్మ, అంగడి, మజ్జిగ అన్నీ చెప్పింది, ఒక్కటీ తగ్గించలేదు. తాగుతున్నవనుకున్న, మా నాయిన తీరు పోతవని భయమయింది అన్నది. ఆయన తిడతాడని, కొడతాడని, లేకపోతే ఏడుస్తాడని ఎదురుచూసింది.

యాదగిరి ఈ మూడింటిలో ఏదీ చేయలేదు.

"నాకెర్కే," అన్నాడు.

ఆమెకు అర్థం కాలేదు. ఏమెరుక అని అడిగింది.

"దసరా తెల్లారి సంది సల్ల చేదుంటాంది. ముప్పయ్యేండ్ల సంది నీ చేతి సల్ల తాగుతున్న, నాకు తెల్వదా?"

"తెల్సి ఎందుకు తాగినవ్?"

ఆయన తలెత్తాడు. పచ్చబడ్డ కళ్ళతో ఆమెను చూశాడు. ఆ చూపులో కోపం లేదు, అదే రాధమ్మను ఎక్కువ భయపెట్టింది.

"సంపనీకే పెడుతున్నవనుకున్న," అన్నాడు. "దసరాకు మీ తమ్ముడు వచ్చిపోయిండు. తెల్లారే సల్ల చేదయింది. ఆయన నీకు చెప్పి పోయిండనుకున్న. నువ్వట్ల చేసినా తప్పు లేదనుకున్న. అందుకే తాగిన, డాక్టరమ్మ మీదికి పోతుంటే గూడ నోరు మూసుకున్న, నీ పేరు బయటికి రావొద్దని."

ఒక మనిషి తన భార్య విషం పెడుతున్నదని నమ్మి, నలభై రోజులు రోజూ ఆమె చేతిలోంచి గ్లాసు అందుకుని చివరి చుక్క దాకా తాగాడు. తాను ఆయన్ని తాగుబోతనుకున్నది, ఆయన తనను హంతకురాలనుకున్నాడు. ఇద్దరూ రోజూ ఎదురెదురుగా కూచుని అన్నం తిన్నారు.

"మా తమ్ముడు నాకేం చెప్తడు?" అని అడిగింది.

అప్పుడు అర్థమయింది యాదగిరికి, ఆమెకు ఏమీ తెలియదని. అన్వేష్ ముందుకొచ్చి, మామయ్యా ఇగ నడువుండ్రి, దవాఖానకు లేటయితాంది అన్నాడు. పొద్దున నుంచి అంత మెత్తగా అతను మాట్లాడటం ఇదే. నువ్వాగు బిడ్డా అన్నది రాధమ్మ, చూపు భర్త మీద నుంచి తీయకుండా.

"శామీర్‌పేట చెల్క," అన్నాడు యాదగిరి. "పోయిన ఉగాదికే అమ్మిన. అన్వేష్ వెంచరుకు అవసరం పడ్డది."

శామీర్‌పేటలో, ఆమె తమ్ముడుండే ఊళ్ళో, నాలుగెకరాల మెట్ట చెల్క రాధమ్మది. పెళ్ళినాడు పసుపు కుంకుమల కింద ఆమె నాయిన ఆమె పేరున రాసిచ్చాడు. తాగి అన్నీ అమ్ముకున్న ఆ మనిషి, చచ్చేదాకా ఆ నాలుగెకరాల జోలికి మాత్రం పోలేదు. రాధమ్మ ఎందుకమ్మినవని అడగలేదు, ఎవరికమ్మినవని అడగలేదు. చీర సర్దుకుని నిలబడింది.

"అది నా పేరు మీదుంది. నేను సంతకం పెట్టలే. ఎవలు పెట్టిండ్రు?"

యాదగిరి అరచేతులతో ముఖం కప్పుకున్నాడు.

రాధమ్మ వేలిముద్ర వేసే మనిషి కాదు. పదిహేనేళ్ళ కింద, అక్షరాలు నేర్చుకోండని ఊరూరా తిరిగిన రోజుల్లో, బడికి పోయి కూచోవడానికి సిగ్గుపడితే పదేళ్ళ పిల్ల ఒకతి పలక తెచ్చి ఆమె ఒళ్ళో పెట్టింది. తల్లి వేళ్ళను తన చిన్న వేళ్ళతో పట్టుకుని నెల రోజులు దిద్దించింది. చివరి మకారం కింద ఒత్తును పొడుగ్గా తోకలాగా లాగడం కూడా ఆ పిల్ల నేర్పిందే, అందంగా ఉంటుందని. బ్యాంకులోనైనా, రేషన్ కార్డు మీదైనా రాధమ్మ అట్లాగే రాస్తుంది. అచ్చం అట్లా రాయగల చేయి ఈ లోకంలో ఇంకొకటే ఉంది.

అన్వేష్ చేయి మెల్లగా జేబులోని ఫోను మీదికి పోయింది.

"మామయ్యను దవాఖానకు తీస్కపో," అన్నది రాధమ్మ. "డాక్టరమ్మా, నువ్వు గూడ ఎంబడి పో బిడ్డా, పొట్లం సంగతి నువ్వే చెప్పు. నేను తృప్తి ఇంటికి పోతున్న."

ఆమె అల్లుడి ముందుకొచ్చి చేయి చాపింది.

"గా ఫోను నాకిచ్చి పో."